జి సెవెన్ ఆర్పెజియో చేతికొచ్చింది, పాటల ఎందుకు వాడాల్నో సమజైతలేదు

మిర్యాలగూడ కీస్: అన్నలూ అక్కలూ, జెర సాయం చేయుండ్రి. 61 కీల కీబోర్డు మీద సాధన చేస్తున్న. జి సెవెన్, డి సెవెన్ ఆర్పెజియోలు (కార్డుల కలిపి పట్టే స్వరాలను ఒక్కొక్కటిగ వాయించుడు) రెండు ఆక్టేవులు ఆగకుండ పోతున్నయ్. కానీ చర్చిల పాటకు వాయించేటప్పుడు జి మేజర్ పట్టినా, జి సెవెన్ పట్టినా నాకు ఒక్కతీరే అనిపిస్తది. ఆర్పెజియో అంటే ఒట్టి వేళ్ల కసరత్తేనా?

పాలమూరు బేస్: కుడిచేతి వేళ్లు ఎట్ల పెడుతున్నవ్ తమ్మీ?

మిర్యాలగూడ కీస్: 1-2-3-4, మళ్ల బొటనవేలు కిందికెళ్లి తీసి 1. ఆఖరి జి మీద చిటికెన వేలు.

పాలమూరు బేస్: కరెక్టే. చేతిల తప్పు లేదు, చెవిల ఉన్నది.

గద్వాల టీచరమ్మ: చెవి తప్పేం కాదు, వినాల్సిన చోట వినట్లేదంతే. జి సెవెన్‌లో జి, బి, డి, ఎఫ్ ఉంటాయి కదా బాబూ. జి, డి వదిలేసి బి, ఎఫ్ మాత్రమే కలిపి నొక్కు. ఆ రెంటి మధ్య దూరం మూడు పూర్తి స్వరాలు, ట్రైటోన్ అంటారు. అక్కడ ఆగితే చెవికి నిలకడ ఉండదు. ఇప్పుడు బి ని అరస్వరం పైకి జరిపి సి చెయ్యి, ఎఫ్ ని అరస్వరం కిందికి దించి ఇ చెయ్యి. సి మేజర్ వచ్చేసింది. డామినెంట్ (సి కి ఐదో స్వరమైన జి మీది కార్డు) పనంతా ఈ రెండు కదలికల్లోనే ఉంది. జి మేజర్‌లో ఎఫ్ లేదు కాబట్టి ఆ లాగుడు అంత గట్టిగా ఉండదు.

అందుకని ఆర్పెజియోని జి నుంచి జి దాకా వాయించి ముగించకు. పైకెళ్లి ఎఫ్ మీద ఆగి, ఇ మీదికి దిగు, అదే క్షణంలో ఎడమచేత్తో సి కార్డు. రోజూ అట్లా చేస్తే నీకే తెలుస్తుంది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇంకోమాట. సి ని షడ్జమం అనుకుంటే జి సెవెన్ అంటే శంకరాభరణంలో ప-ని-రి-మ. ఎ మైనర్‌కి వచ్చే ఇ సెవెన్‌లో ఇ, జి షార్ప్, బి, డి. ఎ ని షడ్జమం చేసుకుంటే అది కూడా ప-ని-రి-మే, కాకపోతే కీరవాణిలో. కాకలి నిషాదం (షడ్జమానికి అరస్వరం కింద ఉండే ని) వల్లే ఆ లాగుడు. నటభైరవిలోని కైశికి నిషాదం (ఇంకో అరస్వరం కింది ని) పెడితే ఇ మైనర్ సెవెన్ అవుతుంది, బలం తగ్గిపోతుంది. (రాగమంటే ఒట్టి స్వరాల పట్టీ కాదని నాకూ తెలుసు, కొట్లాటకు రాకండి. ఇది లెక్క కోసం.)

నల్లగొండ ఆర్కెస్ట్రా: అక్క చెప్పింది బంగారం. నేనైతే ట్రాన్స్‌పోజ్ బటన్ (శృతి మార్చే బటన్) మీద బతికేటోళ్లకు ఒకటి చెప్త. జి సెవెన్, సి సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ సెవెన్, గిట్ల వరుసగ పోండ్రి. ఎడమచేతిల రూట్ (కార్డు పేరున్న స్వరం) ఒక్కటే. కుడిచేతిల రెండే స్వరాలు: బి-ఎఫ్ రెండూ అరస్వరం దిగితే బి ఫ్లాట్-ఇ, అంటే సి సెవెన్ అయిపాయె. మళ్ల అరస్వరం దిగితే ఎఫ్ సెవెన్. పన్నెండు శృతులు తిరిగొస్తరు. పెండ్లిల పాడేటాయన అప్పటికప్పుడు శృతి దించుమంటే బటన్ ఎతుకుడు ఉండదు.

పాలమూరు బేస్: ఒక మనవి. నేను బేస్ మీద కింద జి వాయిస్తనే ఉంట, మీరు గూడ ఎడమచేత్తో అదే జి గుద్దితే అంతా బురదే. కుడిచేతిల బి, ఎఫ్ చాలు, డి లేకున్నా నడుస్తది. కార్డు మారంగనే పెడల్ లేపుండ్రి, లేకుంటే పాత ఎఫ్, కొత్త ఇ మీద పడి కొట్లాడుకుంటయ్. ఇగ ప్రతి జి నీ సెవెన్ చేయొద్దు. చరణం అయిపోయి పల్లవికి మళ్లేకాడ ఒక్కసారి వేస్తే మస్తుంటది.

మిర్యాలగూడ కీస్: మరి బ్లూస్‌ల సి సెవెన్ మీదనే పాట అయిపోతది గద?

గద్వాల టీచరమ్మ: అవును, అక్కడ సి సెవెన్, ఎఫ్ సెవెన్, జి సెవెన్ మూడూ వాడతారు, సి సెవెన్ మీదే ఇల్లు కట్టుకుంటారు. ఆ దారి వేరు. ముందు ఇది చెవికెక్కనివ్వు.

మిర్యాలగూడ కీస్: ఎఫ్ కాడ ఆగి చూసిన. ఇప్పుడు తేడా తెలుస్తున్నది అక్కా. అన్న చెప్పిన వరుసల బి ఫ్లాట్ సెవెన్ ఆర్పెజియో కాడ మాత్రం బొటనవేలు నల్ల కీ మీద పడుతున్నది.

నల్లగొండ ఆర్కెస్ట్రా: కుడిచేయి చూపుడువేలితోని మొదలువెట్టు తమ్మీ. బి ఫ్లాట్ 2, డి మీద బొటనవేలు, ఎఫ్ 2, ఎ ఫ్లాట్ 3, పై బి ఫ్లాట్ 4, మళ్ల డి మీద బొటనవేలు.