అమ్మ రిటర్న్ టికెట్: "డేట్ చేంజ్ ఫ్రీ" అన్నారు, ఇప్పుడు 52 వేలు అడుగుతున్నారు

ప్రశ్న (ఫ్రిస్కో నాన్న):
అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆవిడ డెలివరీకి సాయంగా అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చారు. హైదరాబాద్‌లో ఎక్కి గల్ఫ్ మీదుగా. రానూపోనూ టికెట్లు ఊళ్లో తెలిసిన ట్రావెల్ ఏజెంట్ దగ్గరే కొన్నాం, ఇద్దరివీ ఒకే పీఎన్ఆర్. తిరుగు ప్రయాణం వచ్చే నెల 12న. పాప పుట్టి తొమ్మిది రోజులైంది, సిజేరియన్, మా ఆవిడ ఇంకా మంచం దిగడానికే ఇబ్బంది పడుతోంది. "ఇంకో మూడు వారాలు ఉంటాన్రా" అని అమ్మే అంటోంది. నాన్నకు నాట్ల పని ఉంది, ఆయన 12నే వెళ్లాలి.

కొనేటప్పుడు ఏజెంట్ "డేట్ చేంజ్ ఫ్రీ" అని వాట్సాప్‌లో రాసి మరీ పంపాడు. ఇప్పుడు అడిగితే అమ్మ ఒక్కరికే 52 వేలు కట్టాలంటున్నాడు. ఫ్రీ అన్న చోట 52 వేలు ఎలా వస్తుందో అర్థం కావడం లేదు. నిద్రలేదు, టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (టికెటింగ్ డెస్క్, హైదరాబాద్):
ముందుగా పాపకు ఆశీస్సులు. నేను ఈ పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. రోజూ వినే గొడవ ఇదే, దీన్ని కొనేటప్పుడే చెప్పకపోవడం మా వాళ్ల తప్పు. "డేట్ చేంజ్ ఫ్రీ" అంటే మార్పు చేసినందుకు వేసే జరిమానా లేదని మాత్రమే. పాత ఛార్జీకీ కొత్త తేదీన దొరికే ఛార్జీకీ ఉన్న తేడా మీరే కట్టాలి, అసలు బరువంతా అక్కడే ఉంటుంది. 2020లో కరోనా సమయంలో అమెరికా పెద్ద ఎయిర్‌లైన్స్ 200 డాలర్ల చేంజ్ ఫీజు తీసేశాయని వార్తల్లో వచ్చింది కదా, అప్పుడు కూడా ఛార్జీ తేడా తీసేయలేదు. బేసిక్ ఎకానమీ అనే అన్నిటికన్నా చవక టికెట్లకు ఆ సదుపాయమే ఇవ్వలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. ఈ-టికెట్ తెరిచి తిరుగు ప్రయాణం వరుసలో 'క్లాస్' అన్నచోట ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అది చూడండి. ఎకానమీ సీట్లన్నీ ఒకేలా కనిపించినా లోపల ఒక్కో ధరకు ఒక్కో అక్షరం ఉంటుంది, ఒక్కో విమానంలో ఒక్కో అక్షరానికి కొన్ని సీట్లే పెడతారు. మీవాళ్లు సగం ప్రయాణం అయిపోయిన టికెట్ మీద ఉన్నారు కాబట్టి, చాలా ఛార్జీల్లో లెక్క మీరు కొన్న రోజునాటి ధరలతోనే కడతారు. అంటే కొత్త తేదీన అదే అక్షరంలో సీటు దొరికితే, సీజన్ కూడా మారకపోతే, తేడా సున్నా లేదా ట్యాక్సుల దగ్గర కొద్దిగా. మీ ఏజెంట్ మీరడిగిన ఒక్క తేదీ కొట్టి చూసి, ఆ అక్షరం లేక పై అక్షరంతో లెక్క చెప్పాడని నా అనుమానం. అతన్ని మూడు ముక్కలుగా రాసిమ్మనండి: ఎయిర్‌లైన్ ఫీజు ఎంత, ఛార్జీ తేడా ఎంత, అతని సర్వీస్ ఛార్జీ ఎంత. తర్వాత "ఇదే క్లాస్‌లో ఆ వారం పది రోజుల్లో ఏయే తేదీలు ఉన్నాయి" అని అడగండి. మంగళ, బుధవారాల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ఇద్దరివీ ఒకే పీఎన్ఆర్ కాబట్టి ముందు దాన్ని విడగొట్టాలి, స్ప్లిట్ అంటాం. మార్చాల్సింది అమ్మగారిది ఒక్కటే అని స్పష్టంగా రాసి పంపండి, ఫోన్లో చెప్పి వదిలేయకండి.

జవాబు (షికాగో కోడలు):
పై అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది మాకు జరిగింది. మా మామగారి తేదీ మార్పించాం, వెబ్‌సైట్‌లో కొత్త తేదీ కనిపించింది, అంతా అయిపోయిందనుకున్నాం. కౌంటర్ దగ్గరికి వెళ్తే "బుకింగ్ ఉంది, టికెట్ లేదు" అన్నారు. సీటు మార్చిన ఏజెంట్ టికెట్‌ను రీఇష్యూ చేయలేదు, అంటే కొత్త తేదీతో మళ్లీ జారీ చేయలేదు. మామగారు రెండు పెట్టెలూ పక్కన పెట్టుకుని మూడు గంటలు కుర్చీలో కూర్చున్నారు, ఇండియాలో అర్ధరాత్రి, ఏజెంట్ ఫోన్ ఎత్తడు. టికెట్ నంబర్ పదమూడు అంకెలు ఉంటుంది. మార్పు తర్వాత కొత్త నంబర్‌తో కొత్త ఈ-టికెట్ వచ్చిందా చూసి, ఎయిర్‌లైన్‌కే ఫోన్ చేసి టికెట్ సరిగ్గా ఉందా అని అడగండి.

జవాబు (ఒంగోలు అక్క):
తమ్ముడూ, డబ్బు సంగతి సరే, అమ్మ ఒక్కతే రాగలదా? వచ్చేటప్పుడు నాన్న పక్కన ఉన్నారు. పీఎన్ఆర్ విడగొట్టినప్పుడు వీల్‌చైర్, శాకాహార భోజనం లాంటివి ఒక్కోసారి ఎగిరిపోతాయి, మళ్లీ పెట్టించు. మీ ఊరి తెలుగు గ్రూపుల్లో "ఫలానా తేదీన హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా, మా అమ్మకు తోడు కావాలి" అని పెట్టు, తప్పకుండా ఎవరో ఒకరు దొరుకుతారు. తోడు దొరికిన తేదీకే టికెట్ మార్చుకుంటే ఇంకా మంచిది. అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఐ-94 అనే రికార్డులో ఎప్పటివరకు ఉండొచ్చో ఆ తేదీ చూసుకో, ట్రావెల్ ఇన్సూరెన్స్ గడువు అయిపోకముందే పొడిగించు.

జవాబు (న్యూజెర్సీ, వరంగల్):
ఇంత గొడవెందుకు, తిరుగు టికెట్ వదిలేసి కొత్తగా వన్‌వే కొనుక్కోండి, ఒక్కోసారి తక్కువకే వస్తుంది.

జవాబు (టికెటింగ్ డెస్క్, హైదరాబాద్):
అన్నా, పోల్చి చూడటం మంచిదే, కానీ పాతదాన్ని ఊరికే వదిలేయకూడదు. బయలుదేరే ముందే క్యాన్సిల్ చేయించాలి, లేకపోతే నో-షో, అంటే చెప్పకుండా ఎక్కనివాళ్ల కింద పడుతుంది, వెనక్కి రావాల్సిన డబ్బు కూడా పోతుంది. మిగిలింది చివరి ప్రయాణం కాబట్టి దాన్ని రద్దు చేసినా వేరే ప్రయాణమేదీ దెబ్బతినదు. అదే మొదటి విమానం ఎక్కకపోతే వెనకాల ఉన్నవన్నీ రద్దవుతాయి, ఇది తెలియక చాలామంది నష్టపోయారు.

వన్‌వే కొంటే అమెరికా నుంచి బయలుదేరే టికెట్ కాబట్టి ఎయిర్‌లైన్ సైట్‌లోనే నేరుగా కొనండి. ప్రయాణానికి ఏడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ ముందు కొంటే, అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు, లేదా డబ్బు కట్టకుండా ఒకరోజు హోల్డ్‌లో పెట్టుకోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటి ఎయిర్‌లైన్ ఇచ్చి తీరాలి. బయటి సైట్లలో, ఏజెంట్ల దగ్గర కొంటే ఈ నిబంధన వర్తించదు. ఇంకొకటి, ఎయిర్‌లైన్ తనంతట తాను విమానం సమయం బాగా మార్చేస్తే సాధారణంగా ఉచితంగా వేరే తేదీ ఇస్తుంది. అలాంటి మెయిల్ వస్తే వెంటనే 'సరే' నొక్కేయకండి, ముందు ఫోన్ చేసి మీకు కావాల్సిన తేదీ అడగండి.

ఫ్రిస్కో నాన్న:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు ముక్కలుగా అడిగాను. ఎయిర్‌లైన్ ఫీజు సున్నా, ఛార్జీ తేడా 44,500, అతని సర్వీస్ 7,500 అని వచ్చింది. మా క్లాస్ 'ఎల్', మేం అడిగిన శనివారం ఆ క్లాస్‌లో సీట్లు లేవట. నాలుగు రోజుల తర్వాత బుధవారం ఉందన్నాడు. ట్యాక్సుల తేడా 1,900, సర్వీస్ గట్టిగా అడిగితే 3,000కు దిగాడు, మొత్తం 4,900. కొత్త ఈ-టికెట్ వచ్చింది, పదమూడు అంకెలూ నేనే చదివి ఎయిర్‌లైన్‌కు ఫోన్‌లో చెప్పి చూసుకున్నాను. అక్క చెప్పినట్టే వీల్‌చైర్ పోయింది, మళ్లీ పెట్టించాను.

తోడు ఇంకా దొరకలేదు. బుధవారం డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మెసేజ్ పెట్టండి. అమ్మకు తెలుగు తప్ప వేరే భాష రాదు.