పగడపు దీవిలో బావులు ఉప్పెక్కుతున్నాయి: ఊరంతా కలిసి ముందు ఏ పని పట్టుకోవాలి?

తీరంగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సుమారు 100 ఇళ్లు, 500 మంది జనం ఉన్న పల్లపు పగడపు దీవి గురించి అడుగుతున్నాను. ఏరు లేదు, చెరువు లేదు. బావులు, వాన, అంతే. ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది కానీ నాలుగు నెలలు చుక్క రాలదు. ఆ నాలుగు నెలల చివరికి ఊరి మధ్య బావుల్లో కండక్టివిటీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1,200 నుంచి 3,000 మైక్రోసీమెన్స్‌కు ఎక్కుతోంది. ప్రతి పెరట్లో బావి, దాని పక్కనే సెప్టిక్ ట్యాంకు. తడి చెత్త గోతుల్లోకి పోతుంది, ప్లాస్టిక్ మంటలోకి. కరెంటు పాత డీజిల్ జనరేటరు మీద సాయంత్రం కొన్ని గంటలే.

ఊరి కమిటీ దగ్గరున్న డబ్బు ఒకటి రెండు పనులకు మించి రాదు. కొందరు ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు అంటున్నారు, కొందరు సోలార్ అంటున్నారు, బావులు ఇంకో రెండు మీటర్లు దించితే చాలనేవాళ్లూ ఉన్నారు. ఏది ముందో లెక్కలతో చెప్పగలరా?

నూతిలోతు (జవాబు)

బావులు మాత్రం దించకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు, ఆ ఒక్కటీ వెంటనే ఆపించండి.

కారణం ఇది. పగడపు ఇసుకలో మంచినీళ్లు ఉప్పునీటి మీద మీగడలా తేలుతుంటాయి. సముద్రపు నీటి సాంద్రత 1.025, మంచినీటిది 1.000. ఈ తేడాను బట్టి చూస్తే నీటిమట్టం సముద్రమట్టానికి 1 మీటరు పైన ఉంటే కింద 40 మీటర్ల మంచినీరు ఉన్నట్టు. పల్లపు దీవుల్లో ఆ ఎత్తు చాలాచోట్ల 30 సెంటీమీటర్లు కూడా దాటదు. అంటే లెక్కకు 12 మీటర్లు. అదీ కాగితం మీదే. అడుగున ఉప్పు, తీపి కలిసిన మందపాటి పొర ఉంటుంది కాబట్టి తాగడానికి పనికొచ్చేది అంతకంటే తక్కువ. ఇప్పుడు మోటారు పెట్టి బావిలో మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించారనుకోండి. కింద ఉప్పునీరు 4 మీటర్ల దాకా పైకి ఉబ్బడానికి చూస్తుంది. బావి ఎంత లోతైతే ఆ ఉబ్బుకు అంత దగ్గరగా ఉంటుంది.

కాబట్టి గంటలో ట్యాంకు నింపేసే మోటారే అసలు శత్రువు. తోడే మొత్తం నీరు అంతే అయినా, నెమ్మదిగా, ఎక్కువ మేర నుంచి తోడితే ఉప్పు లేవదు. దీనికి పగడపు దీవుల్లో వాడే పద్ధతి అడ్డపైపుల సేకరణ. పసిఫిక్ దీవుల దేశం కిరిబాతిలోని తరవాలో బోన్‌రికి దగ్గర ఊరికి నీళ్లిచ్చేవి ఇలాంటివే. దీవిలో వెడల్పైన చోట, ఇళ్లకు దూరంగా, పోటు తగ్గినప్పుడు కందకం తవ్వాలి. నీటిమట్టానికి కాస్త కింద మాత్రమే, ఒక చెయ్యి లోతు మించకుండా, చీలికలున్న 100 మిల్లీమీటర్ల పీవీసీ పైపు పరిచి, చుట్టూ కడిగిన కంకర పోసి, జియోటెక్స్‌టైల్ గుడ్డ కప్పి పూడ్చాలి. పైపు రెండు వైపుల నుంచి నడిమి సంపులోకి వాలుగా రావాలి. గుడ్డ వెయ్యకపోతే సన్న ఇసుక చీలికల్లో దిగి ఊట తగ్గిపోతుంది. అలా తగ్గినప్పుడు జనం పెద్ద మోటారు పెడతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఎంత తోడొచ్చు? పడిన వానలో మూడో వంతు భూమిలోకి దిగుతుందనుకుంటే 1,500లో 500 మిల్లీమీటర్లు. హెక్టారుకు ఏడాదికి 5,000 ఘనపు మీటర్లు. అందులో 30 శాతానికి మించి తీయకుండా ఉంటే 1,500 ఘనపు మీటర్లు, అంటే రోజుకు సుమారు 4,100 లీటర్లు. 500 మందికి తలా 30 లీటర్లంటే 15,000 లీటర్లు, దానికి ఇళ్లు లేని మేర దాదాపు 4 హెక్టార్లు కావాలి. ఇవి మొదటి అంచనాలే. సన్న దీవి అయితే ఇంకా తగ్గించుకోవాలి.

కొలత ఒక పద్ధతిలో జరగాలి. వారానికోసారి, ప్రతిసారీ పోటుపాట్లు ఒకే దశలో ఉన్నప్పుడు, బావి పైనీటిలో ఒకసారి, అడుగున ఒకసారి. పైన 900, అడుగున 2,800 వస్తే ఆ బావిలో బొక్కెనతో పైనీళ్లు తోడుకోవచ్చు, మోటారు మాత్రం వద్దు. పసిఫిక్ దీవుల్లో తాగే నీటికి పైహద్దుగా 2,500 మైక్రోసీమెన్స్ వాడతారు. నాలుకకు ఉప్పు అంతకు చాలాముందే తెలుస్తుంది.

వానలెక్క (జవాబు)

నూతిలోతు గారు చెప్పింది నిజమే కానీ తాగే నీటిని బావి మీద ఆధారపెట్టడం ఎందుకండీ? తాగడానికి, వంటకు వాన నీళ్లు. స్నానానికి, బట్టలకు బావి నీళ్లు. ఇలా విడగొడితే బావి మీద భారం, రోగాల భయం రెండూ తగ్గుతాయి.

1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు. 50 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద, 20 శాతం పోగా, మీ 1,500 మిల్లీమీటర్లకు ఏడాదికి 60,000 లీటర్లు. ఐదుగురికి తాగడానికీ వంటకూ తలా 10 లీటర్ల చొప్పున రోజుకు 50, నాలుగు పొడి నెలలకు 6,000. కాబట్టి ఇంటికి 7,000 లీటర్ల ట్యాంకు పెట్టుకుంటే గండం గడుస్తుంది. వాన చాలక కాదు, ట్యాంకు చాలకే నీళ్లు పోతున్నాయన్నమాట.

జనం డబ్బంతా ట్యాంకు మీద పోసి చూరు కాలువ దగ్గర పిసినారితనం చూపిస్తారు. కప్పు 1 చదరపు మీటరుకు కాలువ అడ్డకోత వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు ఉండాలి. వాలు 100కు 1. కొక్కేలు మీటరు లోపు దూరంలో పడాలి, లేకపోతే నడుమ జారి నీళ్లు అక్కడే నిలుస్తాయి, దోమలు గుడ్లు పెడతాయి. ట్యాంకులోకి వచ్చే పైపు అడుగుదాకా దించి, చివర పైకి తిప్పితే బురద కదలదు. తీసుకునే కుళాయి అడుగు నుంచి 5 నుంచి 10 సెంటీమీటర్ల పైన. పొంగి పోయే పైపుకు కూడా దోమ వల కట్టాలి, అది అందరూ మర్చిపోయే చోటు.

తుఫాను గాలికి సముద్రపు తుంపర కప్పు మీద పడుతుంది కాబట్టి తొలివాన నీళ్లు వదిలెయ్యడం దీవుల్లో మరీ ముఖ్యం.

తీరంగట్టు

వానలెక్క గారూ, తొలివాన వదలడానికి ఎంత? మా దగ్గర 110 మిల్లీమీటర్ల పైపులు బోలెడున్నాయి, వాటితో నిలువు గొట్టం చేస్తే సరిపోదా? ట్యాంకులో క్లోరిన్ ఎంత కలపాలి?

వానలెక్క

కనీసం 1 మిల్లీమీటరు వాన వదలండి. 50 చదరపు మీటర్లకు అది 50 లీటర్లు. 110 పైపు మీటరుకు 8 లీటర్లే పడుతుంది, 6 మీటర్ల గొట్టం కావాలి. చూరే అంత ఎత్తుండదు. 160 పైపు అయితే మీటరుకు 17, 18 లీటర్లు, 3 మీటర్లు చాలు. అదీ కుదరకపోతే 50 లీటర్ల మూతడ్రమ్ము పెట్టి పైన తేలే బంతి అమర్చండి. పైపులే వాడాలంటే కింద అడ్డంగా నాలుగు వరసలు కలిపి పడుకోబెట్టొచ్చు, కాకపోతే శుభ్రం చేసే మూత ప్రతి వరసకూ ఉండాలి. గొట్టం అడుగున నీళ్లు కారిపోయే రంధ్రం 3, 4 మిల్లీమీటర్లు. మొత్తం అమరికలో ముందు పాడయ్యేది అదే. ఆకు తునక అడ్డం పడితే గొట్టం నిండే ఉండిపోతుంది, తర్వాతి మురికంతా నేరుగా ట్యాంకులోకి. ప్రతి వాన తర్వాత గొట్టం ఖాళీ అయిందా లేదా తట్టి చూడాలి.

క్లోరిన్‌కు: 33 శాతం బ్లీచింగ్ పౌడర్ 1,000 లీటర్లకు 6 గ్రాములు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పొయ్యాలి. అరగంట తర్వాత లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. సముద్రపు గాలి తేమకు పౌడర్ బలం త్వరగా చచ్చిపోతుంది. తెరిచిన సంచి పాతదైతే ఈ లెక్క నమ్మకండి, పరీక్ష చుక్కలతో చూసి వేసుకోండి.

ఎరువుగుంట (జవాబు)

ఉప్పు గురించి ఇంత చర్చ జరిగింది, మలం గురించి ఎవరూ అనలేదు. పెరట్లో బావి, పక్కనే సెప్టిక్ ట్యాంకు అంటే పగడపు ఇసుకలో రెండూ ఒకటే నీరు. బావికి 15 మీటర్ల దూరం, 30 మీటర్ల దూరం అనే నియమాలు మట్టి వడగట్టే నేలలకు. ముతక పగడపు ఇసుక, పగుళ్ల రాయి ఆ పని చెయ్యవు. ఇప్పటి కిరిబాతి దీవుల్లో 1977లో కలరా ప్రబలింది. కాబట్టి నా వరుసలో మరుగుదొడ్లు సోలార్ కంటే ముందు.

నీళ్లు పొయ్యని, మూత్రం వేరయ్యే రెండు గదుల దొడ్డి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. గదులు నేల మీదే, కింద కాంక్రీటు పలకతో. ఐదుగురికి ఏడాదికి మలం 250 లీటర్లు, పైన చల్లే పొడి దాదాపు అంతే. గదికి 0.7 ఘనపు మీటర్లు పెడితే ఏడాది నడుస్తుంది. నిండాక మూసి రెండోది వాడాలి. వెచ్చని చోట ఏడాదికి పైగా ముట్టుకోకుండా ఉంచాలి.

ఎక్కడ చెడుతుందంటే, నీళ్లు లోపలికి పోవడం దగ్గర. కడుక్కునే అలవాటున్నవాళ్లకు కడుక్కునే చోటు వేరుగా, పక్కకు ఉండి తీరాలి. ఆ నీళ్లు చిన్న మొక్కల మడికి పోవాలి. అది లేని నమూనా తెచ్చి పెడితే గది నెలలోనే బురదయి, కంపు కొట్టి, జనం తాళం వేసేస్తారు.

ఇంకోటి. పుస్తకాల్లో బూడిద, సున్నం చల్లమంటారు. పగడపు నేల పీహెచ్ ఇప్పటికే 8 దాటి ఉంటుంది. ఆ ఎరువు తోటలో వేస్తే క్షారం ఇంకా పెరిగి, ఇనుము అందక లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. కొబ్బరిపొట్టు, ఎండాకుల పొడి చల్లండి. బూడిద ఇచ్చే రక్షణ ఉండదు కాబట్టి గదులు ఆ మేరకు పెద్దవి కట్టుకుని నిలవ కాలం ఏడాది కాదు, ఏడాదిన్నర చెయ్యండి, కూరగాయలకు కాకుండా చెట్లకు వాడండి.

తడి చెత్తను కూడా గోతిలో వెయ్యకండి, ఆ ఊట నేరుగా మీ బావిలోకే. నేల మీద మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గూళ్లు మూడు, పైన కప్పు. ఒక బకెట్ వంటింటి చెత్తకు రెండు బకెట్ల ఎండాకులు. చేప తలలు, పొట్టలు మధ్యలో పూడ్చాలి, అంచున ఉంటే ఎలుకలు వస్తాయి. కొబ్బరి డొక్కలు కుళ్లడానికి చాలాకాలం పడుతుంది కనుక అడుగు పరుపుగా మాత్రమే. ఇనుప ఊచ పది నిమిషాలు గుచ్చి తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడి ఉండాలి. అమ్మోనియా వాసన వస్తే ఎండాకులు తక్కువైనట్టు, కుళ్లు వాసన వస్తే నీరు ఎక్కువైనట్టు.

ప్లాస్టిక్‌కు దీవిలో పరిష్కారం లేదు. వచ్చిన పడవలోనే వెనక్కి పంపాలి. కిరిబాతిలో కావోకి మాంగే పథకం కింద డబ్బా, సీసా మీద ముందే 5 సెంట్లు వసూలు చేసి తిరిగి తెస్తే 4 ఇస్తారు, మిగిలిన సెంటు నిర్వహణకు. చెత్త ఏరమని బతిమాలే పని తప్పుతుంది. సరుకు దిగే రేవు ఒకటే అయితే ఆ వసూలు సులువు.

కరెంటుకాపు (జవాబు)

ప్లాంటు మీద ఒక్క లెక్క. సముద్రపు నీటిని శుద్ధి చెయ్యడానికి చిన్న ప్లాంట్లలో ఘనపు మీటరుకు 4 నుంచి 6 యూనిట్లు పడుతుంది, శక్తిని తిరిగి పట్టే అమరిక లేకపోతే ఇంకా ఎక్కువ. మీ 15 ఘనపు మీటర్లకు రోజుకు 75 యూనిట్లు. అదే నీటిని అడ్డపైపుల సంపు నుంచి 10 మీటర్లు ఎత్తడానికి, పంపు సామర్థ్యం 40 శాతమే అనుకున్నా, 1 యూనిట్. 400 వాట్ల ప్యానెళ్లు చాలు, బ్యాటరీ అక్కర్లేదు. పైగా ఎండ ఉన్నంతసేపు నెమ్మదిగా తోడుతుంది, నూతిలోతు గారికి కావలసింది అదే. సంపులు మూడు కడితే మూడు చిన్న పంపులు పెట్టుకోండి.

ఊరికి కరెంటు విషయంలో ముందు నియమం, తర్వాత సామాను. స్కాట్లండ్‌లోని ఐగ్ దీవి 2008 నుంచి జలశక్తి, గాలి, సోలార్‌తో సొంత గ్రిడ్ నడుపుతోంది. అక్కడ ఇంటికి ఒక్కసారిగా 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10 హద్దు. మీకు ఇంటికి 1 కిలోవాటు పెట్టినా ఎక్కువే. ప్రతి ఇంటికీ ఒకే హద్దు ఉన్నప్పుడే బ్యాటరీ లెక్క కుదురుతుంది.

జనరేటరు ఉంచండి, కానీ 30 శాతం కంటే తక్కువ లోడు మీద గంటల తరబడి తిప్పకండి. కాలని డీజిల్ సైలెన్సర్లో నల్లగా కారుతుంది, రింగులు పట్టేస్తాయి. బ్యాటరీలు నింపడానికి నిండు లోడు మీద రెండు గంటలు నడిపి ఆపెయ్యడం మేలు. బిగింపులన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం పట్టీకీ వాటికీ మధ్య నైలాన్ వాషరు. అది లేకపోతే ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లటి పొడి కట్టి తినేస్తుంది. లెడ్ బ్యాటరీల గదికి గాలి ఆడాలి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగానికి పడుతుంది.

తీరంగట్టు

ధన్యవాదాలండీ. ప్లాంటు మాట కమిటీలో విరమింపజేస్తాను. మొదటి విడత ఇళ్లకు కాలువలు, ట్యాంకులు. రెండో విడత అడ్డపైపులు అనుకుంటున్నాం. దొడ్లు పది ఇళ్లతో మొదలుపెడతాం. చివరగా ఒకటి: అలలు ఊరి మీదకొచ్చి బావులు సముద్రపు నీళ్లతో నిండితే? మోటార్లు పెట్టి ఖాళీ చేసెయ్యడం అలవాటు.

నూతిలోతు

బావిలో ఉన్న నీళ్లు, చెత్త, బురద ఒక్కసారి తీసెయ్యండి, మట్టం కిందికి పడకుండా బొక్కెనలతో. తోడింది బావి పక్కన పోయ్యొద్దు, సముద్రంలోకి పోవాలి. అక్కడితో ఆపాలి. రోజుల తరబడి మోటారు తిప్పితే పైనుంచి దిగే ఉప్పుకు తోడు కింది ఉప్పు కూడా లేస్తుంది. ఇక కడిగేది వానే. 2005లో పెర్సీ తుఫాను తర్వాత కుక్ దీవుల్లోని పుకాపుకాలో నీళ్లు మళ్లీ తాగేలా అవ్వడానికి 11 నెలలు పట్టింది.

కాబట్టి ఊరి మధ్య ఎత్తైన చోట సామూహిక ట్యాంకు ఒకటి, మామూలు రోజుల్లో ముట్టుకోని నిలవగా ఉంచండి. తలా రోజుకు 5 లీటర్లు, 500 మంది, 30 రోజులు: 75,000 లీటర్లు. బడి కప్పు, ప్రార్థన స్థలాల కప్పులు దానికి కలపండి. తాళం కమిటీలో ఇద్దరి దగ్గర ఉండాలి. ఏ అంకె దాటితే తెరవాలో ఇప్పుడే రాసి గోడకు అంటించండి. కరువులో కూర్చుని నిర్ణయించబోతే తెగదు. తువాలులో 2011 కరువప్పుడు రాజధాని దీవిలో ఇంటికి రోజుకు రెండు బకెట్ల లెక్కకు దిగారు. మీకు ఇంటి ట్యాంకులో 2,000 లీటర్లు మిగలగానే మొదటి కోత పడాలి, 1,000 దగ్గర రెండోది. గుర్తుగా ట్యాంకు మీద ఎర్ర రంగు గీతలు రెండు గీయించండి.