సొంత సర్వర్లు హైదరాబాద్ కోలొకేషన్‌లో, మిగతాది క్లౌడ్‌లో: కర్నూలు సంస్థకు ఈ పద్ధతి కుదురుతుందా?

ప్రశ్న (కర్నూలు):
అందరికీ నమస్కారం. కర్నూలులో ప్రధాన కేంద్రం, ఆదోని, నంద్యాలలో శాఖలు ఉన్న ఒక డయాగ్నస్టిక్ సంస్థకు ఐటీ వ్యవహారాలు చూస్తున్నాను. సీటీ, ఎమ్మారై చిత్రాలు, బిల్లింగు, ట్యాలీ ఖాతాలు అన్నీ కింది అంతస్తులో బిల్లింగ్ కౌంటరు వెనక గదిలోని సర్వర్లపైనే నడుస్తున్నాయి. మే నెలలో ఏసీ ఆగిందంటే కాసేపటికే సర్వర్లు వేడెక్కి హెచ్చరికలు పంపడం మొదలుపెడతాయి. అన్నిటినీ క్లౌడ్‌కు మార్చేద్దామని యాజమాన్యం అంటోంది. రోగులు రిపోర్టులు చూసుకునే యాప్ ఇప్పటికే క్లౌడ్‌లో ఉంది, దానితో ఏ ఇబ్బందీ లేదు. అయితే ఏళ్ల తరబడి పోగైన స్కాన్లను కూడా అక్కడ ఉంచితే నెలనెలా ఎంత కట్టాలో లెక్క వేసి వెనకాడుతున్నాం. సర్వర్లకు వారంటీ ఇంకా ఉంది కనుక వాటిని హైదరాబాద్‌లో కోలొకేషన్‌లో, అంటే వేరేవాళ్ల డేటా సెంటర్‌లో చోటు అద్దెకు తీసుకుని, పెట్టడం మేలా? ఏది ఎక్కడ ఉంచాలి?

జవాబు (అనంతపురం):
పని తీరును బట్టి విడదీయండి. రద్దీ ఎప్పుడు పెరుగుతుందో తెలియని మీ యాప్ లాంటివి క్లౌడ్‌లోనే ఉండాలి. ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉంటూ మెల్లగా పెరిగే పాత స్కాన్ల నిల్వకు కోలొకేషన్ సరిగ్గా సరిపోతుంది. ఒక్క సీటీ పరీక్షే వందల మెగాబైట్లు ఉంటుంది. క్లౌడ్‌లోకి డేటా పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు గానీ బయటికి తీసుకుంటే ఉంటుంది కాబట్టి, డాక్టరుగారు పోల్చి చూడటానికి పాత స్కాన్ తెరిచిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది. కోలొకేషన్‌లో మీరు కట్టేది ర్యాక్ (సర్వర్లు అమర్చే బీరువా) అద్దె, కరెంటు, లైను ఖర్చు. యంత్రాలు మీవే, అవి పాడైతే మార్చుకునే బాధ్యతా మీదే. ఇటీవలి స్కాన్లను మాత్రం కర్నూలులోనే ఒక చిన్న సర్వర్‌పై ఉంచి, రాత్రిళ్లు హైదరాబాద్‌కు పంపండి. లైను తెగిన రోజున కూడా పరీక్షలు ఆగకూడదు కదా.

దూరం గురించి బెంగ అక్కర్లేదు. కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 210 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి దూరం వల్ల ఆలస్యం తెలియదు. అసలు చిక్కు లైన్ల దగ్గరే ఉంది. రెండు కంపెనీల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకున్నామని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, ఆ రెండు కేబుళ్లూ వీధి చివరిదాకా ఒకే స్తంభాల మీద వచ్చి, ఆ తర్వాత ఒకే కాలువ గట్టున పడుకుని ఉంటే, ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. కేబుల్ ఏ దారిన వస్తుందో రెండు కంపెనీల నుంచీ రాతపూర్వకంగా తీసుకుని, ఆ దారి వెంట ఒకసారి నడిచి చూడండి.

జవాబు (కడప):
పైవారు చెప్పినదానికి కరెంటు సంగతి కలుపుతాను. డేటా సెంటర్లను టియర్ అనే స్థాయిలతో చెబుతారు. టియర్-3 అంటే మరమ్మతు కోసం ఏ ఒక్క భాగాన్ని ఆపినా మిగతా ఏర్పాటుతో పని సాగేలా కట్టినదని అర్థం. ర్యాక్‌కు ఏ, బీ అని రెండు కరెంటు దారులు ఇస్తారు. మీ సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు ఉండి, వాటిని లైనుకు కలిపే పాత నెట్‌వర్క్ స్విచ్‌కు ఒక్కటే ఉంటే, అది ఉన్న దారిని మరమ్మతుకు ఆపిన రాత్రి సర్వర్లు వెలుగుతూనే ఉన్నా మీకు అందవు. అలాంటి పరికరానికి, ఒక దారిలో కరెంటు పోతే రెండోదానికి తానే మార్చే ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టుకోవాలి. ఒక్కో దారి మీద దాని సామర్థ్యంలో సగానికి మించి భారం వేయకండి. ఒకటి పోతే మొత్తం రెండోదే మోయాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అసలు నిల్వ హైదరాబాద్‌కు వెళ్తే, బ్యాకప్‌గా కర్నూలు గదిలోని కాపీ చాలుతుందా?

జవాబు (కర్నూలు):
చాలదండి. 2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఏం మిగిలిందో మన ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా అక్కడున్నవి ఇటీవలి స్కాన్లు మాత్రమే. మూడో కాపీని క్లౌడ్‌లో తక్కువ ధర ఉండే ఆర్కైవ్ నిల్వలో పెట్టండి. తరచూ తెరవరు కాబట్టి బయటికి తీసే రుసుము భారం కాదు. అమెజాన్‌కు హైదరాబాద్‌లో 2022 నుంచి, ముంబైలో 2016 నుంచి రీజియన్లు (క్లౌడ్ డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. మీ సర్వర్లు హైదరాబాద్‌లో ఉంటాయి కనుక, రెండు కాపీలూ ఒకే ఊళ్లో లేకుండా మీకు ముంబై మంచిది. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ట్యాలీ ఖాతాల బ్యాకప్ రోజూ భారతదేశంలోని సర్వర్‌లోనే చేరాలని 2022లో సవరించిన కంపెనీల అకౌంట్స్ నియమాలు చెబుతున్నాయి, అదీ దీంతోనే తీరుతుంది. ఒప్పందంలో మరొకటి చూసుకోండి: డిస్కు మార్చడానికి మీరు కర్నూలు నుంచి వెళ్లలేని రోజున వాళ్ల మనిషి చేస్తే గంటకు ఎంత తీసుకుంటారో, గడువు ముగిశాక మీ యంత్రాలను ఎన్ని రోజుల్లో బయటికి ఇస్తారో రాయించుకోండి.