వారం వారం సెక్షన్ మార్చడం: చదివించడమా, వడపోతా?

పెనమలూరు నాన్న:
మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటాడు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే సోమవారం కింది సెక్షన్‌లో వేస్తున్నారు. పోటీ ఉంటేనే చదువుతారని ప్రిన్సిపాల్‌గారి మాట. మీరేమంటారు?

ర్యాంకు వీరుడు:
కరెక్టే కదా అంకుల్. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 160 బిట్లు, 180 నిమిషాలు. బిట్టుకి నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లంతే. గడియారం పెట్టుకుని రాసీ రాసీ రావాలి ఆ స్పీడు. నన్నూ కిందికి దించారు, కసితో మళ్లీ ఎక్కాను.

లెక్కల మాస్టారు:
టెస్టు వేరు బాబూ, సెక్షన్ మార్చడం వేరు. టెస్టు వారం వారం పెట్టాల్సిందే, పేపరు నేనే చేసిస్తాను. కానీ నేను పనిచేసిన ఒక కాలేజీలో పై సెక్షన్‌కి సీనియర్లం వెళ్లేవాళ్లం, కింది వాటికి నిన్నగాక మొన్న పీజీ చేసినవాళ్లని పంపేవారు. లిమిట్స్ చాప్టర్ ఎవరికి అర్థం కాలేదో వాళ్లకే అనుభవమున్న మాస్టారు లేడు. టెస్టయ్యాక ఒక్కో తప్పూ ముందేసుకుని కూర్చోవాలి: కాన్సెప్టే రాలేదా, కూడికలో జారాడా, టైము చాల్లేదా? దానికి స్టడీ అవర్ మొత్తం పడుతుంది. ఆ టైములో ఇంకో స్లిప్ టెస్టు పెడతారు! పైగా జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు కోత, ఎంసెట్‌లో కోతే లేదు. అక్కడ వదిలేయడం రావాలి, ఇక్కడ ఏదో ఒకటి పెట్టి రావాలి. రెండింటికీ ఒకటే డ్రిల్లు చేయిస్తే ఎలా?

నల్లకుంట పాతకాపు:
చుక్కా రామయ్యగారి ఐఐటీ కోచింగ్‌లో చేరడానికే ఎంట్రన్స్ రాయాల్సి వచ్చేది. వడపోత కొత్తదేం కాదు.

లెక్కల మాస్టారు:
అది చేరకముందు. వీళ్లు ఫీజు కట్టించుకున్నాక వడపోస్తున్నారు.

బైపీసీ అమ్మ:
16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మా వీధి స్కూల్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అట. కోచింగ్ సెంటరని కాక స్కూలని బోర్డు పెడితే చాలన్నమాట.

ర్యాంకు వీరుడు:
మాస్టారూ, మా కింది సెక్షన్‌లో జూనియర్ సారే నయం. డౌట్లకి దొరికేవారు. పై సెక్షన్ సీనియర్ సారు బెల్లవగానే ఇంకో క్యాంపస్‌కి పరిగెత్తేవారు.

లెక్కల మాస్టారు:
అదీ నిజమే, నేనూ పరిగెత్తినవాణ్ణే.

పెనమలూరు నాన్న:
అయితే కింది సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెబుతున్నారో అడగొచ్చంటారా?

లెక్కల మాస్టారు:
నిక్షేపంగా అడగండి. డౌట్లకి ఎన్నింటికి కూర్చుంటారో కూడా అడగండి. టైంటేబుల్ కాగితం మీద చూపించమనండి, నోటిమాట వద్దు.