బ్యాకప్ క్లయింట్‌ని సర్వీస్‌గా పెట్టాలా, యూజర్ లాగిన్ కిందే నడపాలా?

చక్రి_పీసీ: విండోస్ 11 ప్రో డెస్క్‌టాప్, ఇద్దరికి వేర్వేరు అకౌంట్లు. రోజూ రాత్రి 10కి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో నాస్‌కి (నెట్‌వర్క్‌లో ఉన్న స్టోరేజ్ పెట్టెకి) బ్యాకప్. టాస్క్ ఒకరి లాగిన్‌లోనే ఉంది, వాళ్లు లాగాఫ్ అయితే బ్యాకప్ గోవిందా. సర్వీస్‌గా (ఎవరి లాగిన్‌తోనూ పనిలేకుండా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) మార్చేస్తే సరిపోతుందా?

సిస్టమ్32: మార్చాల్సిందే. ఎవరు లాగిన్ అయ్యారన్నదానితో బ్యాకప్‌కి పనేంటి? పైగా విఎస్ఎస్ స్నాప్‌షాట్‌కి (తెరిచి ఉన్న ఫైళ్లనీ కాపీ తీయనిచ్చే విండోస్ సౌకర్యం) అడ్మిన్ హక్కులు కావాలి. అది లేకపోతే అవుట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపూ మెయిళ్లు దాచే పీఎస్టీ ఫైలు లాకే. రెండో అకౌంట్ ఫోల్డర్‌ని మామూలు యూజర్ చదవనూ లేడు.

మౌనిక_ఐటీ: చక్రి గారూ, తొందరపడకండి. రెస్టిక్ అసలు సర్వీస్ ప్రోగ్రామే కాదు. నేరుగా సర్వీస్‌గా రిజిస్టర్ చేస్తే స్టార్ట్ కాగానే జవాబివ్వలేదని 1053 ఎర్రర్‌తో పడిపోతుంది. ఎన్ఎస్ఎస్ఎమ్‌తో (మామూలు ప్రోగ్రామ్‌ని సర్వీస్‌గా నడిపే టూల్) చుట్టారనుకోండి, ప్రోగ్రామ్ ముగిస్తే మళ్లీ మొదలుపెట్టడం దాని డిఫాల్ట్. బ్యాకప్ అవుతుంది, వెంటనే ఇంకోటి, ఆపైన ఇంకోటి. రోజుకోసారి నడిచి ఆగే పనికి విండోస్‌లోని టాస్క్ షెడ్యూలరే సరి, అకౌంట్ మాత్రం సిస్టమ్ (విండోస్ సొంత అకౌంట్) అని ఇవ్వండి. రాత్రి పదికి మెషిన్ ఆపేసే అలవాటుంటే, తప్పిపోయిన టాస్క్‌ని వీలైనంత త్వరగా నడపమనే టిక్ పెట్టండి. డిఫాల్ట్‌గా అది ఉండదు.

లాగిన్_చాలు: సిస్టమ్ అకౌంట్ అనగానే కొత్త తలనొప్పులు. జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసిన నాస్ దానికి కనిపించదు, మ్యాపింగ్ ఆ లాగిన్ సెషన్‌కే సొంతం. పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇచ్చినా, డొమైన్ లేని మెషిన్‌లో సిస్టమ్ దగ్గర నాస్ పాస్‌వర్డ్ ఉండదు. వన్‌డ్రైవ్‌లో ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్న ఫైళ్లు కూడా అది దించుకోలేదు. అదే యూజర్ అకౌంట్‌తో, లాగిన్ లేకున్నా నడిచేలా పెడితే పోలా?

మౌనిక_ఐటీ: పోదు. అలా పెడితే పాస్‌వర్డ్ సేవ్ చేయాలి, అది మారితే టాస్క్ ఆగిపోతుంది. సేవ్ వద్దని టిక్ పెడితే నెట్‌వర్క్ అందదు. సిస్టమ్ అకౌంటే ఉంచి నాస్ వైపు మార్చడం తేలిక: రెస్ట్ సర్వర్ (రెస్టిక్ బ్యాకప్‌లు అందుకునే సర్వర్) పెట్టి అపెండ్ ఓన్లీలో, అంటే కొత్తవి చేర్చడమే తప్ప పాతవి చెరపనివ్వకుండా నడపండి. అప్పుడు ర్యాన్సమ్‌వేర్ మెషిన్‌లోకి దూరినా పాత స్నాప్‌షాట్లు (రెస్టిక్ దాచిన పాత బ్యాకప్‌లు) చెరిపెయ్యలేదు. పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్ మాత్రం తెరవద్దు. వన్‌డ్రైవ్‌లో ముఖ్యమైన ఫోల్డర్లని ఎప్పుడూ ఈ డివైస్‌లోనే ఉంచమని సెట్ చేయాలి.

సిస్టమ్32: రెస్టిక్ పాస్‌వర్డ్ ఫైలు ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో ఊరికే పడేయకండి. అక్కడివి డిఫాల్ట్‌గా అందరూ చదవగలరు. ఇన్హెరిటెన్స్ (పై ఫోల్డర్ నుంచి వచ్చే హక్కులు) తీసేసి సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్‌కి మాత్రమే హక్కులివ్వండి.

లాగిన్_చాలు: సరే, ఒక్క మాట. స్క్రీన్ మీద సొంత విండో ఉండే సర్వీస్ రకం బ్యాకప్ క్లయింట్లలో రీస్టోర్ కూడా సిస్టమ్ హక్కులతోనే జరిగితే ప్రమాదం. మామూలు యూజర్ తన ఫోల్డర్‌లో జంక్షన్ (వేరే ఫోల్డర్‌కి దారి మళ్లించే లింకు) పెట్టి, అది విండోస్ సిస్టమ్32 ఫోల్డర్ వైపు చూసేలా చేసి రీస్టోర్ నొక్కితే? చదివేటప్పుడు ఎక్కువ హక్కులు, రాసేటప్పుడు యూజర్ హక్కులు, అలా ఉండాలి.

పెంగ్విన్_వరంగల్: లినక్స్‌లో ఈ గొడవకి సగం జవాబు ఉంది. రూట్ (పూర్తి హక్కులున్న అకౌంట్) అక్కర్లేదు, వేరే యూజర్‌తో సిస్టమ్‌డి యూనిట్ (లినక్స్ సర్వీస్) పెట్టి డీఏసీ రీడ్ సెర్చ్ కేపబిలిటీ (ఏ ఫైలైనా చదివే హక్కు) ఒక్కటి ఇస్తే అన్నీ చదువుతుంది, ఏదీ మార్చలేదు. మ్యాక్‌లో అయితే రూట్ డీమన్‌ని (రూట్ హక్కులతో వెనకాల నడిచే ప్రోగ్రామ్‌ని) కూడా మొజావే (2018) నుంచి మెయిల్ ఫోల్డర్ దగ్గరే ఆపేస్తుంది. ఫుల్ డిస్క్ యాక్సెస్ క్లయింట్ ప్రోగ్రామ్‌కి ఇవ్వాలి. స్క్రిప్ట్‌లు నడిపే బ్యాష్‌కి ఇస్తే ప్రతి స్క్రిప్ట్‌కీ తలుపు తీసినట్టే.

మౌనిక_ఐటీ: ఇంకోటి. సిస్టమ్ కింద నడిచేది స్క్రీన్ మీద ఏ హెచ్చరికా చూపదు. టాస్క్ షెడ్యూలర్‌లో చివరి ఫలితం 0x3 అని ఉంటే కొన్ని ఫైళ్లు చదవలేదని. స్నాప్‌షాట్ మాత్రం తయారవుతుంది, కాబట్టి జాబితా చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. బ్యాచ్ ఫైలు వాడితే రెస్టిక్ లైన్ కిందే ఆ కోడ్‌తో ఎగ్జిట్ అవ్వండి, లేకుంటే తర్వాతి కమాండ్ దాన్ని సున్నా చేసేస్తుంది.