స్టెన్సిల్ ఎత్తాక అంచులు చెదిరిపోతున్నాయి

కాగితంపువ్వు:
నమస్కారం. చేత్తో చేసే గ్రీటింగ్ కార్డుల మీద స్టెన్సిల్ పెట్టి తీగల డిజైను వేస్తున్నాను. డిజైను ఆకారంలో రంధ్రాలు కోసిన ప్లాస్టిక్ స్టెన్సిల్, అక్రిలిక్ రంగు, మామూలు వాటర్ కలర్ బ్రష్షు. స్టెన్సిల్ ఎత్తి చూస్తే ఆకుల కొసలు ఉబ్బిపోయి, సన్నటి తీగ కాస్తా వానపాములా కనిపిస్తోంది. నీళ్లు కలిపి పలుచన చేస్తే ఇంకా పాకింది. చుట్టూ టేపు అంటించినా అంతే. ఖరీదైన స్టెన్సిల్ కొంటే తీరుతుందా? అలాగే, ఇదే డిజైను ఉబ్బెత్తుగా రావాలంటే ఏమి వాడాలి?

రంగులడబ్బా:
కొత్త స్టెన్సిల్ జోలికి వెళ్లకండి, బ్రష్షు మార్చండి. వాటర్ కలర్ బ్రష్షు తయారైందే నీటిని పట్టి ఉంచడానికి. ఇక్కడ తడే మనకు శత్రువు. కుచ్చు పొట్టిగా, గట్టిగా, కొస బల్లపరుపుగా ఉండే స్టెన్సిల్ బ్రష్షు తీసుకోండి. దొరకకపోతే మేకప్ స్పాంజి ముక్క చాలు.

రంగులో చుక్క నీరు కూడా వద్దు. బ్రష్షు కొసకు రంగు అద్ది, టిష్యూ కాగితం మీద గుండ్రంగా తిప్పుతూ తుడిచేయండి. 'అయ్యో, రంగంతా పోయిందే' అనిపించాలి, అప్పుడు సరిపోయినట్లు. ఆ బ్రష్షును నిలువుగా పట్టుకుని తట్టండి. పక్కకు గీస్తే కుచ్చు అంచు కిందికి దూరి రంగును వెంట తీసుకుపోతుంది. మొదటి పూత వెలిసిపోయినట్లు ఉంటుంది, కంగారు పడకండి. ఆరాక మరో పూత వేయండి.

ప్లాస్టిక్‌కూ కాగితానికీ మధ్య ఉండే సన్నటి సందు నీటిని లోపలికి లాక్కుంటుంది. అందుకే పలుచన చేసేకొద్దీ పాకింది. టేపు చుట్టూ ఉన్న అంచును పట్టుకుంటుంది గానీ, మధ్యలోని తీగను అదిమి ఉంచలేదు కదా. కాగితం సంగతి మీరు చెప్పలేదు. పలుచటిదైతే తడికి వంగి స్టెన్సిల్‌ను పైకి లేపుతుంది. నున్నగా, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) దాకా ఉండేది వాడండి.

అడగకపోయినా ఒక మాట. కార్డు నిండా డిజైను పరిచేయడం నాకు అసలు నచ్చదు, బహుమతులకు చుట్టే కాగితంలా కనిపిస్తుంది. ఒక మూల చిక్కగా మొదలుపెట్టి, మధ్యకు వచ్చేసరికి తట్టడం తగ్గించండి. తీగ దానంతట అదే కాగితంలో కలిసిపోతుంది. రాసుకోవడానికి చోటూ మిగులుతుంది.

కత్తెర:
ఉబ్బెత్తుకు రెండు దారులు. మొదటిది ఎంబాసింగ్ పేస్ట్, అంటే ఆరాక ఉబ్బెత్తుగా నిలిచే చిక్కటి ముద్ద. స్టెన్సిల్ మీద పెట్టి, వంగే చిన్న చాకుతో సమంగా లాగాలి. స్టెన్సిల్ ఎంత మందమో డిజైను సుమారుగా అంత ఎత్తు వస్తుంది. నిట్టనిలువుగా ఎత్తి వెంటనే కడిగేయండి, ఎండితే రంధ్రాలు పూడిపోతాయి. కార్డును మాత్రం గంటల తరబడి కదపకుండా ఆరనివ్వాలి.

రెండోదానికి రంగే అక్కర్లేదు. లోహపు స్టెన్సిల్‌ను వెలుతురు వచ్చే గాజు మీద అంటించి, కార్డును బోర్లా పెట్టి, గుండు మొన ఉన్న పుల్లతో డిజైను అంచుల వెంట నొక్కుతూ పోవాలి. తిప్పి చూస్తే తెల్ల కాగితం మీద తెల్లటి తీగ. నాకు ఇదే ఇష్టం. ముదురు రంగు కాగితంలోంచి వెలుతురు రాదు కాబట్టి దానికి పనికిరాదు.

కాగితంపువ్వు:
స్పాంజితో తట్టి చూశాను. ఆకు కొస సూదిలా వచ్చింది! 'శుభాకాంక్షలు' అని ప్లాస్టిక్ షీటు మీద నేనే కోసుకోవచ్చా?

కత్తెర:
కోసుకోవచ్చు, కానీ సున్నా దగ్గర ఆగండి. చుట్టూ కోస్తే లోపలి ముక్క ఊడిపడి, నిండు చుక్క మిగులుతుంది. లోపలికీ బయటికీ మధ్య రెండుచోట్ల సన్నటి వంతెన వదలాలి. మూసుకున్న గుండ్రం ఉన్న ప్రతి అక్షరానికీ ఇదే పద్ధతి. రంగు వేశాక ఆ ఖాళీలను సన్న బ్రష్షుతో పూడ్చుకోవచ్చు. నేనైతే అలాగే ఉంచుతాను, స్టెన్సిల్ పని అని తెలియడంలోనే అందం ఉంది. ముందు చిన్న రంధ్రాలు, తర్వాత పెద్దవి. మలుపుల దగ్గర కత్తిని కాకుండా షీటును తిప్పండి.

రంగులడబ్బా:
వంతెనల విషయంలో మీతో ఏకీభవించను, అక్షరాలకైనా పూడ్చాల్సిందే. కాగితంపువ్వు గారూ, రెండు రకాలూ వేసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.