అక్షరం తప్పు పోకుండా చదువుతారు, చదివింది మాత్రం చెప్పలేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (నాలుగో తరగతి ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నాను. మా పిల్లల్లో ఎక్కువ మంది గుణింతాలు, ఒత్తులు దాటి వచ్చినవారే. పాఠం ఇచ్చి చదవమంటే గొంతెత్తి, తడబడకుండా చదువుతారు. పుస్తకం మూయించి "ఇప్పుడు చదివిన కథలో ఏం జరిగింది?" అని అడిగితే మాత్రం కొందరు మౌనంగా ఉండిపోతారు, మరికొందరు మొదటి వాక్యాన్ని అప్పజెబుతారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే ప్రశ్నలైతే ఆ మాట ఉన్న వరుసను వెతికి పట్టుకుని ఉన్నదున్నట్టు చదివేస్తారు. "ఎందుకు" అనేసరికి ఆగిపోతారు.

ఒక ఉదాహరణ చెబుతాను. వాళ్ల కోసం నేనే ఒక చిన్న పేరా రాసి ఇచ్చాను: "ఆకాశం నల్లబడింది. అమ్మ గబగబా కిటికీలు మూసింది. అన్నయ్య మేడ మీదికి పరుగెత్తి, దండెం మీద ఉన్న బట్టలన్నీ తీసుకొచ్చాడు." అన్నయ్య ఎందుకు పరుగెత్తాడని అడిగితే "బట్టలు తీసుకురావడానికి" అన్నారు. బట్టలు అంత తొందరగా ఎందుకు తేవలసి వచ్చిందని అడిగితే, పేరా మొత్తం మళ్లీ వెతికి "అది ఇందులో లేదు టీచర్" అన్నారు. ఈ పిల్లలే నిజంగా మబ్బు పట్టిన రోజున అందరికంటే ముందు "వాన వచ్చేలా ఉంది" అంటారు. ఆ తెలివి కాగితం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పని చేయడం లేదో నాకు బోధపడడం లేదు.

కథలైనా, గేయాలైనా, పద్యాలైనా వీళ్లకు ప్రశ్నలకు జవాబులు వెతుక్కునే చోటుగానే కనిపిస్తున్నాయని నా బాధ. అనుభవం ఉన్నవారు దారి చూపగలరా?

జవాబు 1 (పఠన బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంటాను)

మేడమ్ గారికి నమస్కారం. మీరు చెప్పిన లక్షణం ఒకటే అయినా దాని వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు కాబట్టి, బోధన మార్చడానికి ముందు వాటిని విడదీసి చూడడం అవసరం. చదివి అర్థం చేసుకోగల శక్తి అనేది అక్షరాలను మాటలుగా మార్చుకోగల నైపుణ్యాన్ని, విన్న భాషను గ్రహించగల శక్తిని హెచ్చవేస్తే వచ్చే ఫలితమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. వాళ్లు కూడిక అనలేదు, గుణకారం అన్నారు. అంటే రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే, ఒకదాని బలం మరొకదాని లోటును పూడ్చలేదు.

దీనిని తరగతిలో పరీక్షించడం కష్టమేమీ కాదు. ఒకే స్థాయిలో ఉన్న రెండు చిన్న కథలు తీసుకోండి. ఒకటి మీరు చదివి వినిపించి, సొంత మాటల్లో చెప్పమనండి. రెండోది పిల్లల చేత చదివించి, అదే పని చేయమనండి. విన్న కథను చక్కగా చెప్పి, చదివిన కథను చెప్పలేని పిల్లలకు భాష లోపించలేదు. వాళ్ల శ్రద్ధంతా అక్షరాల దగ్గరే ఖర్చవుతోంది. విన్న కథను కూడా చెప్పలేనివారికి పదజాలం, వాక్య నిర్మాణం, విషయ పరిజ్ఞానం మీద పని చేయాలి. ఈ రెండు గుంపులకూ ఒకే మందు వేస్తే ఎవరికీ మేలు జరగదు.

తడబడకుండా చదువుతున్నారని మీరన్నారు కానీ, ఆ మాటను ఒకసారి దగ్గరగా పరిశీలించమని నా మనవి. మన లిపిలో నేర్చుకోవలసిన రూపాలు చాలా ఎక్కువ. "శక్తి" అనే మాటలో గుడి క మీద ఉంటుంది, త కింద ఒత్తుగా ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం ఆ "ఇ" త తర్వాతే వస్తుంది. కంటికి కనిపించే వరుస వేరు, నోటికి వచ్చే వరుస వేరు. మన లిపికి అతి దగ్గరైన కన్నడ లిపిలో పిల్లలు అక్షరాలన్నింటినీ స్వాధీనం చేసుకోవడానికి మొదటి తరగతి దాటి ఇంకా కొన్నేళ్లు పడుతుందని సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. నాలుగో తరగతి పిల్లవాడు బయటికి ధారాళంగా చదువుతున్నట్టు అనిపించినా, లోపల ఒక్కొక్క ఒత్తు దగ్గర శ్రమ పడుతూ ఉండవచ్చు.

వేగాన్ని చూడకండి, విరామాలను గమనించండి. "అన్నయ్య మేడ / మీదికి పరుగెత్తి దండెం / మీద ఉన్న" అని అర్థంతో సంబంధం లేని చోట ఆగుతున్న పిల్లవాడు మాటలను పలుకుతున్నాడే గాని వాక్యాన్ని పట్టుకోవడం లేదు. అలాంటి పిల్లలకు ఒకే చిన్న భాగాన్ని పలుమార్లు చదివించే పద్ధతి బాగా పనికి వస్తుంది. 1979లో శామ్యూల్స్ అనే పరిశోధకుడు దీనిని వివరించారు. ముందు మీరు భావం పలికేలా ఒకసారి చదవండి, తర్వాత వాళ్లు చదవాలి, మళ్లీ చదవాలి. అయితే దీనిని పరుగు పందెంగా మార్చవద్దు. గడియారం చూసి చదివే పిల్లలు అర్థాన్ని వదిలేయడం ఇంకా తొందరగా నేర్చుకుంటారు.

జవాబు 2 (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడిని)

పై జవాబుతో ఏకీభవిస్తూ, విన్నది కూడా చెప్పలేని పిల్లల గురించి మాత్రం రాస్తాను. పుస్తకంలో ఉండే వాక్యం ఇంట్లో మాట్లాడుకునే వాక్యంలా ఉండదు. "నిన్న చెట్టెక్కిన పిల్లవాడి తమ్ముడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు" అన్న వాక్యాన్ని బోర్డు మీద రాసి, చెట్టు ఎవరు ఎక్కారు, ఎవరు ఏడ్చారు అని అడిగి చూడండి. చెట్టెక్కినవాడే ఏడ్చాడని చెప్పేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాగే తెలుగులో కర్తను వదిలేసి క్రియతోనే నడిపించడం సహజం. "తలుపు తీసింది. ఎవరూ లేరు. భయం వేసింది." ఇందులో తీసింది ఎవరో, భయం ఎవరికో పాఠకుడే మనసులో పూరించుకోవాలి. పెద్దవాళ్లం తెలియకుండానే చేసే ఈ పనిని పిల్లలకు ఎవరూ చేసి చూపించరు. రోజూ ఇలాంటి ఒక వాక్యాన్ని తీసుకుని ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. దీనికి వ్యాకరణ పరిభాష ఏదీ అక్కరలేదు.

విషయ పరిజ్ఞానాన్ని కూడా మనం తక్కువ అంచనా వేస్తాం. అమెరికాలో రెక్ట్, లెస్లీ 1988లో ప్రచురించిన ప్రయోగంలో ఏడు, ఎనిమిది తరగతులకు చెందిన 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగాన్ని ఇచ్చి చదివించారు. చదవడంలో వెనుకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట అంతగా తెలియని పిల్లలకంటే మెరుగ్గా ఆ భాగాన్ని గుర్తుంచుకుని చెప్పగలిగారు. ఆ లెక్కన మన పిల్లవాడికి అర్థం కాలేదంటే చదవడం రాలేదనే అనుకోనక్కరలేదు, ఆ విషయమే కొత్తది కావచ్చు. అందుకే నేను ఒక వారమంతా ఒకే విషయం చుట్టూ తిరిగే పాఠాలను ఎంచుకుంటాను. పక్షుల గురించి ఒక కథ, వలస పక్షుల మీద ఒక వ్యాసం, గూడు మీద ఒక గేయం. మొదటి రోజు కొత్తగా ఉన్న మాటలు నాలుగో రోజుకు పిల్లల నోట్లో ఆడుతుంటాయి.

మాటల ఎంపికలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ అనే పరిశోధకులు చెప్పిన సూత్రం నాకు ఎంతో ఉపయోగపడింది. రోజువారీ మాటలను వేరే నేర్పనక్కరలేదు, అరుదైన శాస్త్ర పదాలు ఆయా పాఠాల్లో వస్తాయి. నేర్పవలసినవి ఈ రెండింటికీ మధ్య ఉన్నవి: సంకోచించడం, ఆత్రుత, ఉపేక్షించడం వంటివి. ఇలాంటి మాటలు ఏ కథలోనైనా ఎదురవుతాయి, పిల్లల సంభాషణలో మాత్రం వినిపించవు. వాటికి పర్యాయపదం రాయించి ఊరుకోకుండా, "నువ్వు ఎప్పుడు సంకోచించావు?" అని అడగాలి.

జవాబు 3 (బాలసాహిత్యంతో పని చేస్తాను)

పైవారిద్దరూ చెప్పినది సమంజసమే. అయితే ప్రశ్నలో అందరికంటే నన్ను కదిలించినది చివరి వాక్యం. కథ అంటే జవాబులు వెతుక్కునే చోటని పిల్లలు అనుకుంటున్నారంటే, అది మన ప్రశ్నలు వాళ్లకు నేర్పిన పాఠమే. లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే సాహిత్య విమర్శకురాలు చదవడంలో రెండు వైఖరులు ఉంటాయని వివరించారు. ఒకటి చదివాక చేతిలో మిగలవలసిన సమాచారం కోసం చదవడం, రెండోది చదువుతున్నంతసేపూ మనసులో కలిగే అనుభవం కోసం చదవడం. మందుసీసా మీది సూచనలను మొదటి వైఖరితో చదవాలి. కథను కూడా అలాగే చదివిస్తే అందులో సాహిత్యం మిగలదు.

ఇలాంటి కథ ఒకటి అనుకోండి. ఇద్దరు స్నేహితురాళ్లు పోట్లాడుకుని మాట్లాడుకోవడం మానేశారు. ఒకనాడు తరగతిలో ఒకమ్మాయి పెన్సిలు మొన విరిగింది. రెండో అమ్మాయి తల ఎత్తకుండానే తన షార్పెనర్‌ను బల్ల మధ్యకు జరిపింది. కథ అక్కడితో అయిపోయింది. "ఎవరి పెన్సిలు విరిగింది?" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది కానీ దాని వల్ల ఏమీ జరగదు. "తల ఎందుకు ఎత్తలేదు? చేతికే ఇవ్వకుండా మధ్యకు ఎందుకు జరిపింది?" అని అడిగితే తరగతిలో వాదన పుడుతుంది. ఒకరు ఇంకా కోపం ఉందంటారు, ఒకరు సిగ్గు అంటారు, ఇంకొకరు అవతలి అమ్మాయి తీసుకోదేమోనని భయం అంటారు. ప్రతి ఒక్కరూ "నీకలా ఎందుకనిపించింది?" అన్న ప్రశ్నకు కథలోంచే ఆధారం చూపాలి. మీ పేరాలో వానను చూడలేకపోయిన పిల్లలు ఇక్కడ రాయని దాన్ని చదవడం నేర్చుకుంటారు. ఇంత జరిగాక "స్నేహితులు కలిసిమెలిసి ఉండాలి" అని బోర్డు మీద నీతి రాస్తే, పిల్లలు ఊహించినదంతా ఆ ఒక్క వాక్యం కింద అణగిపోతుంది. దయచేసి ప్రతి కథకూ నీతి చెప్పించవద్దు.

పద్యం విషయంలో ఒక మాట. ప్రతిపదార్థంతో మొదలుపెట్టకండి. ముందు చెవిన పడనివ్వండి, తాళం వేయనివ్వండి. ప్రాస నియమం ఉన్న పద్యం ఇచ్చి ప్రతి పాదంలోనూ రెండో అక్షరం చూడమనండి, అదే హల్లు తిరిగి తిరిగి వస్తోందని వాళ్లే కనిపెడతారు. ఆ సంతోషం కలిగాక అర్థం వాళ్లే అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

మీ అందరికీ ధన్యవాదాలు. మొదటి జవాబులో చెప్పిన వినికిడి పరీక్ష చేసి చూశాను. విన్న కథను చాలా మంది హావభావాలతో సహా చెప్పారు. నేను వెనుకబడ్డారని అనుకున్న ఒక బాబు అందరికంటే వివరంగా చెప్పాడు. కొద్దిమంది మాత్రం విన్నది కూడా చెప్పలేకపోయారు. రెండు గుంపులూ నాకు స్పష్టంగా కనిపించాయి. ఇప్పుడున్న చిక్కు వేరు: పెద్ద తరగతిలో ఒక్కదాన్నే ఇంతమంది మాట వినడం ఎలా?

జవాబు 1 నుంచి

అందరి మాటా మీరే వినవలసిన అవసరం లేదు. మళ్లీ మళ్లీ చదివే పనిని జంటలకు అప్పగించండి; ఒకరు చదువుతుంటే మరొకరు వేలితో వరుస వెంబడి చూస్తూ వింటారు. విన్న కథను కూడా చెప్పలేని ఆ కొద్దిమందిని మాత్రం మీ దగ్గర కూర్చోబెట్టుకుని, రెండో జవాబులోని వాక్యాల పని చేయించండి.

కథల చర్చకు పాలిన్సర్, బ్రౌన్ 1984లో రూపొందించిన పద్ధతిని చూడండి. చిన్న గుంపులో పిల్లలు వంతులవారీగా టీచరు స్థానంలో కూర్చుని నాలుగు పనులు చేస్తారు: చదివిన భాగం సారం చెప్పడం, దాని మీద ప్రశ్న వేయడం, అర్థం కాని చోటును తేల్చుకోవడం, తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం. ఆ పరిశోధకులు దీనిని ప్రయత్నించింది ఏడో తరగతి పిల్లలతో. వాళ్లూ మీ పిల్లల్లాగే మాటలు చదవగలిగి అర్థం చేసుకోలేనివారే. నాలుగో తరగతికి నాలుగూ ఒకేసారి బరువవుతాయి కాబట్టి ముందు ఊహించడం ఒక్కటే చేయించండి. అది కుదురుకున్నాక "అర్థం కాని చోటు" దగ్గరికి రండి. ఏ మాట దగ్గర ఆగిపోయారో వేలు పెట్టి చూపించడం పిల్లలకు అలవాటు కావాలి. మొదటి కొన్ని రోజులు ఆ పని మీరే చేసి చూపించండి: ఒక వాక్యం దగ్గర ఆగి, "ఇక్కడ ఎవరి గురించి చెబుతున్నారో నాకు తెలియలేదు, మళ్లీ పై వరుస నుంచి చదువుతాను" అని అందరికీ వినబడేలా అని, నిజంగానే వెనక్కి వెళ్లి చదవండి.